చెరువులో వేలాడదీసిన నీటికాకి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. బళ్లో పిల్లలకు సైన్సు చెబుతాను. కప్పను కోసి, చేతులు కడుక్కుని, అదే బల్ల దగ్గర టిఫిన్ బాక్సు తెరిచిన మనిషిని. ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే కోపం లేదు, ఒకప్పుడైతే నేనూ నవ్వేదాన్నే.

మా అక్కావాళ్లది పెదపాడు దగ్గర పల్లెటూరు. బావగారు ఒక చేపల చెరువు కౌలుకు చేస్తున్నారు. ఏటా వేసవి సెలవుల చివర ఏలూరు నుంచి వెళ్లి కొన్నాళ్లు వాళ్లింట్లో ఉంటాను. నిజం చెప్పాలంటే అక్క కోసం కంటే ఆ చెరువు గట్టు కోసమే వెళ్తాను. రోహిణి ఎండలకు గడ్డి మాడిపోయినా గట్టు మీద పల్లేరు పచ్చగా పూస్తుంది. తూటి పొదల నిండా లేత ఊదా పూలు. లకుముకి పిట్టలు, తెల్లకొంగలు, రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకులు. పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని నడిచే ఆ నడక కోసమే ఏడాదంతా బడి గోల భరిస్తాను.

పోయినేడు గట్టెక్కగానే కుళ్లు వాసన. చెరువులో పాతిన వెదురు గడకు చచ్చిన నీటికాకి తలకిందులుగా వేలాడుతోంది. వలలో చిక్కి చచ్చిందట. దాన్ని చూసి మిగతావి రాకుండా పోతాయని బావగారే కట్టారు. తెరుచుకున్న నోటి నిండా ఈగలు.

“ఏంటండీ బావగారూ, ఈ పాడుపని? తీసేయండి,” అన్నాను.

“చేపపిల్లల్ని బతకనివ్వట్లేదమ్మా. ఇది తీసేస్తే గుళికల మందు పెట్టాల్సిందే. ఏది కావాలో నువ్వే చెప్పు,” అన్నారు.

చిన్న చేపల్లో ఆ విషపు గుళికలు కుక్కి గట్టున పడేస్తే, తిన్న ప్రతి పిట్టా చస్తుంది. కనీసం ఆ చచ్చిన నీటికాకి నోరైనా మూసి కట్టమన్నాను. ఆయన నడుములోతు నీళ్లలోకి దిగి, నేను చూస్తుండగానే ముక్కు చుట్టూ నైలాన్ దారం బిగించి ముడేశారు.

పక్షులు నిజంగానే రావడం మానేశాయి. గట్టు బోసిపోయింది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ కళేబరం ఉబ్బి, ఈకలు ఊడి, కళ్లలోంచి పురుగులు నీళ్లలోకి రాలాయి. ఆ నీళ్లలోనే చేపలు, ఆ చేపలే జనాల కూరలు. అక్క ఏం వండినా నాకు అదే కంపు. చివరికి అక్కే మొగుణ్ణి కేకలేసింది.

బావగారు విసుక్కుంటూ గడ పీకి దాన్ని గట్టు మీద పడేశారు. గొయ్యి తీయబోతుంటే దాని గొంతు కదలడం చూశాను.

పురుగులే అనుకున్నాను. ఆయన వేసిన ముడి వేసినట్టే ఉంది. కొడవలితో దారం తెంపగానే నల్లటి చీముతో పాటు వేలెడు శీలావతి చేపపిల్ల జారి పడింది. మొప్పలు ఆడుతున్నాయి, తోక కొట్టుకుంటోంది. ఆ జిగురు నా పాదం మీద చిందింది.

కొర్రమేనైతే బురదలోనైనా కాసేపు బతుకుతుంది. శీలావతి ఒడ్డున పడితే ఎంతోసేపు ఉండదు. కుళ్లిన గొంతులో, కట్టేసిన ముక్కు వెనక అన్నాళ్లు ఎలా ఉంది? ఎవరో తర్వాత పెట్టారనుకుందామంటే ఆ కంపులో చెయ్యి పెట్టేవాడెవడు? గొంతు ఎక్కడైనా చిరిగిందేమోనని పుల్లతో తిప్పి చూశాను. చిరగలేదు.

బావగారు దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. ఆ పిల్లను చెరువులో వదిలారు. అది ఈదుకుంటూ పోయింది. ఆ మధ్యాహ్నమే, ముందే కొని ఉంచిన గుళికల పొట్లం కొట్లో తిరిగిచ్చేశారు.

ఈ ఏడు అక్క ఫోన్ చేసింది. “నీ పక్షులన్నీ వచ్చేశాయే. మీ బావ ఒక్కదాన్నీ అదిలించట్లేదు, రా,” అంది.

వెళ్లాను. గట్టంతా పూలే. ఒక నీటికాకి మునిగి లేచి చేపను మింగింది. దాని గొంతులో ఉబ్బు మెల్లగా కిందకు దిగింది. నేను తూటి పొద పక్కన కూలబడి, తాగిన కాఫీ అంతా కక్కుకున్నాను. ఆ సాయంత్రం బస్సుకే ఏలూరు వచ్చేశాను.

పోయినేడు ఆ గట్టు మీద జరిగిందేమిటో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. నాకు ప్రాణమైన పక్షులు బతికాయి. వాటిని చూడటం మాత్రం ఇక నా వల్ల కాదు.