మీరా హుస్సేన్ కారు, రెండు కిలోల తరుగు

దర్శిలో మందు కొట్టే స్ప్రేయర్లూ ఆయిల్ ఇంజన్లూ బాగుచేసే నా స్నేహితుడు మీరా హుస్సేన్‌కు యాభై రెండేళ్లు. తన చేత్తో కట్టిన కారును ఒక్కసారి పందెంలో తోలాలని ఇరవయ్యో ఏట నుంచీ కోరిక. ఆరేళ్లుగా షెడ్డు వెనక దాన్ని కడుతూ ఉన్నాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఇనప గొట్టాల చట్రం మీద పల్చటి రేకు. తూనీగలాంటి కారు. ఇంజను ఇంకా పెట్టలేదు గనక వాడి భార్య జానీబీ దాని మీద మిరపకాయలు ఆరబోసేది.

నిరుడు వాడి కళ్లు చూసిన డాక్టరు నీటికాసులన్నాడు. పక్కచూపు తగ్గిపోతోందనీ, ఏడాది దాటాక స్టీరింగు ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఆ నెలలోనే ఒక కబురు తెలిసింది. ఇళ్ల దగ్గర కట్టిన కార్లకు తుళ్లూరు అవతల ఖాళీ రోడ్డు మీద ఏదో క్లబ్బు వాళ్లు ఫిబ్రవరిలో పందెం పెడుతున్నారట. ఒక్కో కారూ ఒంటరిగా కిలోమీటరు పరుగెత్తాలి. బరువు నాలుగు వందల కిలోలు దాటకూడదు.

"వచ్చే ఏడు నాకుండదురా ఆంజనేయులూ," అన్నాడు నాతో.

షెడ్డులో రెండు ఇంజన్లున్నాయి. ఒకటి ఎక్కడో గుద్దుకున్న బైకుది, రెండోది పాత చిన్నకారుది. వారం రోజులు వాడు ఒకసారి దీని మీదా ఒకసారి దాని మీదా చెయ్యేసి నిలబడ్డాడు. చూసి చూసి జానీబీ అంది:

"నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఇంతసేపు ఆలోచించలేదు గదయ్యా."

"అప్పుడు ఒకటే చూపించారు మరి."

నాతో మాత్రం నవ్వకుండా మాట్లాడాడు. "తేలిక బండికి తేలిక ఇంజనే అందంరా. బైకుది నలభై అయిదు కిలోలు తక్కువ. కాకపోతే అది గొంతు చించుకుంటే గానీ లాగదు. కారుది మొదటి అడుగు నుంచే లాగుతుంది. నాలుగు వందల్లో ఇమిడితే మాత్రం కారుదే."

ఇముడుతుందో లేదో చెప్పాల్సింది నేను. ఇరవై ఏడేళ్లుగా పత్తి వ్యాపారి కాటా దగ్గర గుమాస్తాను. కారును మొత్తంగా ఎక్కించేంత పెద్ద కాటా కాదు మాది. విప్పి, పెట్రోలుతో సహా పదిహేను విడతలుగా ఆటోలో తెచ్చాడు. నేను తూచి కాగితం మీద రాసిచ్చాను. కారు ఇంజనుతో కలిపి మూడు వందల తొంభై నాలుగు. వాడు ఆ కాగితాన్ని కళ్లకు అద్దుకుని వెళ్లి, కారు ఇంజను బిగించాడు. బైకుది పాతసామాన్ల వాడికి ఇచ్చేశాడు.

పందెం రోజు పొద్దున్నే తుళ్లూరు చేరాం. బరువు చూసే ఇంజనీరు పేరు చైతన్యకృష్ణ. కారు ఎక్కించాడు. నాలుగు వందల ఇరవై నాలుగు.

"మీ కాటా తప్పండి," అన్నాడు మీరా హుస్సేన్. ఇంకోసారి ఎక్కించారు. అంతే చూపించింది.

"పదకొండింటి దాకా టైముందండీ. ఏమన్నా తగ్గించుకోండి," అన్నాడు చైతన్యకృష్ణ.

విప్పడం మొదలుపెట్టాం. బానెట్టు పోయింది. తలుపులు పోయాయి. పక్క సీటు పోయింది. మడ్‌గార్డులు పోయాయి. సగం పెట్రోలు డబ్బాలోకి వంచాం. కారులో వదిలిన తన చెప్పుల్ని కూడా వాడు తీసి రోడ్డు పక్కన పెట్టాడు. నాలుగు వందల ఏడు. ఇక విప్పడానికి ఇంజనే మిగిలింది.

వాడు ఉత్త కాళ్లతో కూచుని నా కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నాడు. పక్క నుంచి నేనూ చూశాను. నా దస్తూరీయే. అప్పుడు తట్టింది నాకు. మా కాటా మీద ఏది ఎక్కినా గోనె బరువుకూ పత్తి తేమకూ కలిపి రెండు కిలోలు తరుగు తీసి రాస్తాం. ఆ రెండూ బుర్ర తీయదు, చెయ్యే తీసేస్తుంది. పదిహేను తూకాలు. ముప్పై కిలోలు.

"ఒరేయ్ మీరా, నేను తరుగు తీశానురా."

"దేంట్లో?"

"అన్నింట్లో."

"ఇనుముకు తేమేందిరా?" అన్నాడు మెల్లగా.

తిట్టి ఉంటే బాగుండేది. జానీబీ చెప్పులు తెచ్చి వాడి కాళ్ల దగ్గర పెట్టింది. బైకు ఇంజను పెట్టుకుని ఉంటే తలుపులతో సహా మూడు వందల డెబ్బై తొమ్మిదికి వచ్చేవాడు. ఆ లెక్క ముగ్గురం మనసులో వేసుకున్నాం.

నేను వెళ్లి చైతన్యకృష్ణ ముందు చేతులు కట్టుకుని జరిగింది చెప్పాను. కళ్ల సంగతీ చెప్పాను. తరుగు దగ్గర అతను నవ్వు ఆపుకున్నాడు, కళ్ల సంగతి దగ్గర నేల చూశాడు.

"పందెంలో కలపలేనండీ. అందరూ అయిపోయాక ఒకసారి తోలుకోమనండి. టైము మాత్రం మేం రాయం."

అన్నీ మళ్లీ బిగించాం. చివరి కారు వెళ్లాక మీరా హుస్సేన్ బయల్దేరాడు. నేను నా చేతి గడియారం పట్టుకుని నిలబడ్డాను. ఆ ఇంజను నిజంగానే మొదటి అడుగు నుంచీ లాగింది. అంతకన్నా ఏం చెప్పను, నాకు కళ్లు సరిగా ఆనలేదు.

తిరిగి వచ్చి దిగకుండానే అడిగాడు. "ఎంతరా?"

ఆ రోజు అందరికన్నా ముందు వచ్చినవాడిది నలభై సెకన్లు.

"నలభై ఒకటి," అన్నాను.

"తరుగు తీశావా?"

"లేదురా. ఒట్టు."

వాడు స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి కాసేపు ముందున్న రోడ్డు వంక చూశాడు.

"ఇప్పుడు తీయాల్సిందిరా," అన్నాడు.