చావింట్లో నవ్వు

మీసాల కానిస్టేబుల్‌కి నవ్వు ఆగదు. ఇంట్లో పిల్లి తుమ్మినా పొట్ట పట్టుకుంటాడు. అందుకే డ్యూటీలో బుగ్గలు లోపలికి లాక్కుని పళ్లతో కరిచిపెట్టుకుంటాడు. ఏటి అవతలి పేటవాళ్లు పోయినవాళ్ల వెర్రిపనులు చెప్పుకుని, నవ్వుతూ సాగనంపుతారు. అది మన సంస్కృతి కాదని సర్కారు నిషేధించింది. నవ్వినవాళ్లని పట్టుకెళ్లడం ఇతని పని. ఆ రోజు పోయింది దర్జీ. అందరూ మూతులు బిగించుకుని కూర్చున్నారు. దర్జీ భార్య మాత్రం గోడకేసి చూస్తూ, "పెళ్లినాడు హడావుడిలో తన ప్యాంటుకి రెండు కాళ్లూ కలిపి కుట్టేసుకున్నాడు. కప్పలా గెంతుతూ వచ్చి మా నాన్న ఒళ్లో పడ్డాడు" అంది. కానిస్టేబుల్ బుగ్గలు పట్టుతప్పాయి. లాఠీ జారవిడిచి విరగబడి నవ్వాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "చాలు బాబూ, ఆయన్ని సాగనంపారు. అసలైతే ముందు నవ్వాల్సింది మా అబ్బాయి. వాళ్ల తాత పోయినప్పుడు నవ్వాడని మీరే పట్టుకెళ్లారుగా."