మూడో వరుసలో పక్క కుర్చీ

మా అక్క దర్జీ. ఊరి బాస్కెట్‌బాల్ జట్టు చొక్కాల మీద అంకెలు కుట్టేది ఆమే. బస్సు డ్రైవరైన మా బావ ఆ జట్టు కోచ్‌లను తిట్టేవాడు. భార్య కుట్టడం, మొగుడు తిట్టడం. ఇరవై ఆరేళ్ళ కాపురం అలాగే సాగింది, ఏ లోటూ లేదు.

జట్టు బెంచీకి వెనక మూడో వరుసలో వాళ్ళవి రెండు కుర్చీలు. మనిషి లేవగానే వాటంతటవే టప్పున పైకి మడుచుకునే స్ప్రింగు కుర్చీలు. చివరి మూడేళ్ళూ బావది ఒకటే పాట: ఆ పొడుగాయన్ని కూర్చోబెట్టి ఎడంచేతివాణ్ణి పంపండి. కోచ్‌లు నలుగురు మారారు, ఒక్కడూ తల తిప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నా మాట ఒక్కడు విన్న రోజు నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతానని అక్క దగ్గర ఒట్టు కూడా వేశాడు. ఆ ఒట్టు తీరకుండానే కిందటేడు గుండె ఆగి పోయాడు.

అక్క రెండో టికెట్టు మానలేదు. తన కుట్టుసంచీ ఆ కుర్చీలో పెట్టి, అది మడుచుకోకుండా చూసుకునేది. నాకు ఒళ్ళు మండేది. ఖాళీ కుర్చీకి టికెట్టేమిటే, నలుగురూ నవ్వుతున్నారు, వదిలెయ్ అని వారం వారం పోరాను. ఆయన పక్కన లేకపోతే ఆట ఎలా చూడనే అంది ఒకసారి. ఆ తర్వాత నేనూ టికెట్టు కొనుక్కుని ఆమెకు ఇవతలి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఏం చేస్తాం, తోడబుట్టింది.

ఈ ఏడు వరసగా పదకొండు ఓటములు. కొత్త కోచ్ వస్తున్నాడన్నారు. తీరా చూస్తే ఆ వచ్చినవాడు ఏదో ఆడపిల్లల బడిలో డ్రిల్లు మాస్టారు. అభిమానులు భగ్గుమన్నారు. మా వరుసలో కూర్చునే కళ్ళజోళ్ళ షాపాయన పెనం మీంచి పొయ్యిలో పడ్డామన్నాడు. పోనీలెండి, కనీసం ఈల ఊదడం వచ్చుంటుంది అంది బేకరీ ఆవిడ. చివరికి అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. కొత్తాయన మొదటి ఆటలో సగం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మన కోపం ఆయనకు అలా తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండా జనం, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. బంతి దబదబలు, బూట్ల కీచులు, అంతే. అంతమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే నాకు భయమేసింది.

కాసేపటికి కోచ్ వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి చెయ్యెత్తి, ఆగండి అన్నట్టు సైగ చేశాడు. ఎవరికి? ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత పొడుగాయన్ని పిలిచి కూర్చోబెట్టి, ఎడంచేతివాణ్ణి పంపాడు.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎడంచేతివాడు వరసగా నాలుగుసార్లు బంతిని బుట్టలో వేశాడు. చాన్నాళ్ళకి మనవాళ్ళు ముందున్నారు. నేను మాత్రం ఆట చూడటం లేదు. కుట్టుసంచీ అక్క ఒళ్ళో ఉంది. అయినా పక్క కుర్చీ మడుచుకోకుండా కిందికే ఉంది.

సగం ఆట అయింది. కోచ్ లోపలికి వెళ్ళకుండా మెట్లెక్కి మా దగ్గరికి వచ్చాడు. మర్యాదస్తుడు. ఆ కుర్చీతో నేరుగా మాట్లాడటానికి మొహమాటపడుతూ అక్క వైపే తిరిగాడు.

"అమ్మా, మీవారికి మీరే చెప్పాలి. ఆయన అన్నట్టే చేశాను కదా, ఇంక అరవద్దనండి. ఇంత నిశ్శబ్దంలో ఆ ఒక్క గొంతుకి నా బుర్ర పనిచెయ్యట్లేదు."

అక్క సంచీ పట్టీ నలుపుతూ కూర్చుంది. ఆమెకు ఒట్టు గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఈ మాట చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. చెప్పకే, ఊరుకో అందామనుకున్నాను. వదిలెయ్ వదిలెయ్ అని పోరినదాన్ని నేనే.

"చెప్తానండి" అంది. ఆయన మెట్లు దిగాక పక్కకి తిరిగింది. "విన్నారుగా. మాటంటే మాటే. మీరు ఇంటికెళ్ళండి. నేను ఆట అయ్యాక వస్తాను."

కుర్చీ టప్పున పైకి మడుచుకుంది.

రెండో సగంలో జనం గొంతులు లేచాయి. కోచ్ రెండుసార్లు మా వైపు తిరిగి చెవి రిక్కించాడు. తర్వాత పొడుగాయన్నే మళ్ళీ పంపాడు. తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

బయటికొస్తూ కళ్ళజోళ్ళ షాపాయన డ్రిల్లు మాస్టారి మీద దుమ్మెత్తిపోస్తున్నాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఆపింది.

"కోచ్ గారినేమీ అనకండి, పాపం. రెండో సగంలో చెప్పేవాళ్ళు లేరు."