ప్రథమ ఫలం

ఆశాజ్యోతి మొదటి దెబ్బ రింగులో కొట్టలేదు. కడియంలో, మొక్కలు ఎక్కించే లారీ పక్కన కొట్టింది. నర్సరీ మేస్త్రీ ఆమె తల్లి సంపూర్ణమ్మను జుట్టు పట్టి లాగితే, పదిహేనేళ్ళ పిల్ల చేతిలో మొక్క పడేసి వాడి ముక్కు పగలగొట్టింది. వాడు లేవబోయాడు, మళ్ళీ కొట్టింది. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆడపిల్లకి అంత కోపమేంటని ఊరంతా ముక్కున వేలేసుకుంది గానీ, మేస్త్రీకి అంత పొగరేంటని ఒక్కరూ అడగలేదు. రాజమండ్రిలో బాక్సింగ్ నేర్పే గంగాధర్ గారు మాత్రం ఆ సంగతి విని, వెతుక్కుంటూ వచ్చి పిల్లను తన దగ్గర చేర్చుకున్నారు.

డిగ్రీలో చేరాక ఆమెకి ఒకటే పట్టు: యూనివర్సిటీ జట్టులో చోటు. ఆ జట్టుకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి పడుతుంది, తల్లి మట్టి తట్టలు మొయ్యక్కర్లేదు. గంగాధర్ గారు చెవినిల్లు కట్టుకుని చెప్పేవారు.

"కప్పు ఇస్తే తీసుకో అమ్మా. శాలువా కప్పితే కప్పించుకో. డబ్బు కవరు మాత్రం ముట్టుకోకు. డబ్బు పుచ్చుకుని ఆడినవాళ్ళు అమెచ్యూర్లు కాదు. జట్టులోకి రానివ్వరు."

ఆ వేసవిలో సామర్లకోటలో ఎవరో ఓపెన్ పోటీలు పెట్టారు. ఫైనల్లో ఎదురుపడింది దుర్గాశ్రీ, చెయ్యి బరువైన పిల్ల. రెండో రౌండులో ఆమె గుద్దుకి ఆశాజ్యోతి నోట్లోని గార్డు ఎగిరిపడింది. రిఫరీ ఆపేలోగా పడ్డ ఇంకో గుద్దుకి ముందు పన్ను విరిగింది. నోట్లో ఊరిన రక్తాన్ని ఉమ్మకుండా మింగేసింది. మూడో రౌండులో దుర్గాశ్రీని తాళ్ళ మీదికి నెట్టి డొక్కలో గుద్దింది, వంగితే దవడ మీద గుద్దింది, కన్ను వాచి మూసుకుపోయినా వదల్లేదు. జనం "వెయ్, వెయ్" అని అరుస్తున్నారు. ఆ అరుపులు ఆమెకి నచ్చాయి. దాపరికమెందుకు, బాగా నచ్చాయి. దుర్గాశ్రీ మోకాళ్ళ మీద పడ్డాక కూడా చెయ్యెత్తితే, రిఫరీ నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

కప్పుతో పాటు కవరు కూడా ఇచ్చారు. గంగాధర్ గారు ఆ రోజు రాలేదు. విరిగిన పన్ను ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఊరికే పోగొట్టుకోడానికి నా పన్ను ఎవడబ్బ సొమ్ము అనుకుని, కవరు తీసుకుంది.

ఇంటికెళ్ళి తల్లి చేతిలో పెట్టింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. సంపూర్ణమ్మకి ఆ రూల్సేం తెలుసు? ఆమెకి తెలిసింది ఒకటే, బిడ్డ మొదటి సంపాదన దేవుడికివ్వాల్సిన ప్రథమ ఫలం. ఆదివారం చర్చిలో కవరు విప్పకుండానే కానుకల సంచిలో వేసి, మైకు అందుకుని సాక్ష్యం చెప్పింది.

"నా బిడ్డ సామర్లకోటలో రక్తం కార్చి గెలిచిన సొమ్మండి. మొత్తం నా ప్రభువుకే ఇచ్చేస్తన్నానండి."

సంఘమంతా "స్తోత్రం" అంది. ఆరాధన ఫోనులో లైవ్ వెళుతోంది. ఆ వీడియో ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి, జట్టును ఎంపిక చేసే రమేష్ బాబు గారి దగ్గరికి చేరింది.

తల్లీకూతుళ్ళను పిలిపించారు. గంగాధర్ గారు వరండాలోనే సంపూర్ణమ్మకి సంగతంతా విడమరిచి, గొంతు తగ్గించి, "ఆ మాట ఉత్తిదని చెప్పెయ్యండమ్మా. పిల్ల బతుకు నిలబడుద్ది" అన్నారు.

లోపల రమేష్ బాబు గారు వీడియో చూపించారు. సంపూర్ణమ్మ చేతులు జోడించింది.

"అబద్ధమండి. మా అమ్మాయి డబ్బులేమీ తేలేదండి. గొప్ప కోసం నేనే అలా చెప్పానండి."

ఆయన నవ్వాడు. "దేవుడి ముందు నిలబడి, సాక్ష్యమని చెప్పి, అబద్ధమాడావా?"

"ఆడానండి."

తల్లి తల వంచుకోవడం ఆశాజ్యోతి చూడలేకపోయింది. బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది. పైనున్న అద్దం భళ్ళున పగిలి వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది. "మా అమ్మ అబద్ధమాడదండి. డబ్బు తీసుకుంది నేనే."

జట్టు జాబితాలోంచి పేరు కొట్టేశారు. అద్దం పగలకపోయినా కొట్టేసేవారే.

బయటికి రాగానే సంపూర్ణమ్మ కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. "ముందే ఒక్క మాట చెప్తే నోరు మూసుకుందును గదే!" మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. ఏ గుద్దు ఎటునుంచి వస్తుందో కనిపెట్టగలిగిన పిల్ల, తల్లికి అడ్డంగా చెయ్యెత్తలేదు. కొట్టీ కొట్టీ సంపూర్ణమ్మకి ఆయాసం వచ్చింది.

"నీకోసం దేవుడి మీద అబద్ధమాడానే. ఆ అబద్ధాన్ని కూడా దక్కనివ్వలేదు నువ్వు."

అప్పుడు ఆశాజ్యోతి వరండా గచ్చు మీద కూలబడింది.