నాలుకతో కొన్న కారు

మా మేనత్తది చేపల వ్యాపారం. ఆమె పాత కారు అడుగు రేకు తుప్పుకి ఊడిపోయి, నౌపడ రోడ్డు పొడుగునా చేపలు జారిపోయాయి. అప్పటినుంచి, వెనక బుట్టలు పట్టేంత పొడవున్న ఎస్టేట్ కారు పాతదే అయినా మంచిది కావాలని ఊళ్లు తిరిగింది. తోడు నేను.

ఇంజను వైపు చూసేదే కాదు. వెనక మ్యాటు ఎత్తి, రేకు మీద వేలు రాసి నాలుక్కి ఆనించేది.

"ఉప్పగున్నాది. లోపల తుప్పు తినేస్తంటాది. ఒద్దు."

"ఈ బండి సముద్రం మొకమే సూడనేదమ్మా!" అని ఓనర్లు ఒట్లు పెట్టుకున్నా వినేది కాదు.

చివరికి ఆమదాలవలసలో ఒక వడ్ల వ్యాపారి కారు దొరికింది. వేలు నాకి కళ్లు మూసుకుంది.

"సప్పగున్నాది," అంది, పాయసం మెచ్చుకున్నట్టు.

మర్నాడు పొద్దున చూస్తే ఆ కారు నిండా చేపల బుట్టలు. ఐసు కరిగి, మ్యాటు కిందకి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"ఏటత్తా ఇది? ఇందుకేనా నన్నిన్ని ఊళ్లు తిప్పినావు?"

"తుప్పు ఎలాగూ పడతాదిరా. ఇంకొకలి సేతిలో పట్టిన తుప్పయితే ఎప్పుడు ముంచుతాదో తెల్దు. నా సేతిలో పట్టిందయితే, ఊడకముందే నాకు తెలుస్తాది."