కొలిచిన నీళ్లు

శామీర్‌పేట దగ్గరి ఓ ఊళ్లో తాగునీటి పరీక్షకని బడి పక్క బోరు నీళ్లు నాలుగు సీసాల్లో పట్టి అల్వాల్ బస్సెక్కాను. ఆ బోరే ఎందుకంటే, అది రోడ్డు మీదికే ఉంది. నాతోపాటే తోటకూర మూటతో ఎక్కిన అవ్వ సీసాలు చూసి, "ఏడి నీళ్లు బిడ్డా?" అంది. చెప్పాను.

"గవి మేం బర్లకు గూడ పెట్టం. తాగేది చెరువు కింది బాయి నీళ్లు. ఎవర్నన్న అడిగినవా?"

"జనం మాటలు సైన్సుకు పనికిరావు అవ్వా. కొలిచిందే లెక్క," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే మంచిగ కొలువు," అని కిటికీ వైపు తిరిగింది.

నివేదికలో ఒక్క అంకె తప్పు లేదని మా ల్యాబు పెద్దసారు భుజం తట్టాడు. నిజమే. బర్రెలకు కూడా పెట్టని నీళ్లను అంత కచ్చితంగా కొలిచిన మేధావి మా జిల్లాలో ఇంకొకడు లేడు.