నాన్న ఎందుకు లాగొద్దన్నాడంటే...

నాకు తొమ్మిదేళ్లప్పుడు... కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక శుక్రవారం పొద్దున. నాన్నా నేనూ బేకరీ నుంచి వేడి వేడి ఖుబ్జు రొట్టెలు పట్టుకుని వస్తున్నాం. మా వీధిలో పైపుల కోసం నిలువు లోతు గొయ్యి తవ్వుతున్నారు.

మేం చూస్తుండగానే ఒక పక్క ఇసుక దిగిపోయింది... లోపల తవ్వుతున్న ఓబులేసు అంకుల్ గుండెల దాకా కూరుకుపోయాడు. మా బిల్డింగ్ వెనక రూముల్లో ఉండే కడప ఆయన. ఎప్పుడు కనపడ్డా నా చేతిలో గుప్పెడు వేరుశనగలు పోసేవాడు.

తోటివాళ్లంతా అంచు మీదికి ఉరికారు. ఒకాయన తాడు విసిరాడు. యల్లా, లాగండి, లాగండి అని ఒకటే కేకలు...

నాన్న రొట్టెలు నా చేతుల్లో పెట్టేశాడు. మాది గోదావరి. నాన్న అంతకుముందు మిలటరీలో హవల్దారు. అమ్మకి ఇక్కడ నర్సు ఉద్యోగమొస్తే మాతో వచ్చి అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌కి సెక్యూరిటీగా చేసేవాడు. సరిహద్దు యుద్ధంలో నెలల తరబడి మోర్చాలో, అంటే తవ్వుకున్న కందకంలోనే తిని, పడుకుని, పోరాడి పతకం తెచ్చుకున్నాడు. దేనికిచ్చారో అడిగితే మాత్రం చదువుకో పో అనేవాడు. నేనేమో మా నాన్న వందమందిని కాల్చాడని బడిలో కోతలు కోసేదాన్ని.

"ఎవరూ లాగకండి. అంచు వదిలేసి ఎనక్కెళ్లండి. మీ బరువుకే మట్టి దిగిపోద్ది."

నాన్న నోట ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అంచున ప్లైవుడ్ పలకలు పరిపించి, బోర్లా పాక్కుంటూ దిగాడు. పార ముట్టనివ్వలేదు. రెండు చేతులతో గుండెల దగ్గర ఇసుక తోడుతూ, మీదే ఊరు, మీ ఆవిడ పేరేంటి, నిన్న ఏం వండుకున్నావని అడుగుతూనే ఉన్నాడు.

అంతలో రెండో పక్క కూడా జారింది... నాన్న నడుం దాకా పోయాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, నువ్వు పైకి పో. నాకు ఊపిరాడ్డంల్యా," అన్నాడు ఓబులేసు అంకుల్.

"మాట్లాడుతున్నావంటే ఆడుతున్నట్టే. మీ పిల్లల పేర్లు చెప్పు."

సిగ్గుగా ఉంది గానీ చెబుతున్నా... ఆయన్ని వదిలేసి మా నాన్న వచ్చేస్తే చాలనుకున్నాను.

తోటివాళ్లు పలకల మీద పడుకుని గిన్నెలతో తోడారు. గంట పట్టింది. ఇద్దరూ ప్రాణాలతో బయటికొచ్చారు. నాన్న గోళ్లు చీలి రక్తాలు...

ఇంటికొచ్చాక నాన్న టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. పతకం ఇలాంటిదానికేనా నాన్నా, అని అడిగాను. గ్లాసు కింద పెట్టాడు.

"మోర్చా మీద గుండు పడి ముగ్గురు కూరుకుపోయారమ్మా. మొదటోణ్ణి కంగారులో అంచు మీద నిలబడి లాగాను. నా బరువుకే మిగతా మట్టి ఆడి మీద పడింది. తర్వాత ఇద్దర్నీ తవ్వి తీశాను. ఆ ఇద్దర్నీ తీసినందుకు నాకు పతకమిచ్చారు. ఆడి గురించి ఎవరూ అడగలేదు."

ఇప్పుడు కువైట్ సిటీలో ఆఫీసుకెళ్తుంటే అలాంటి గోతులకి రెండు పక్కలా ఇనుప పలకలు కనిపిస్తాయి... తవ్వేవాడి ప్రాణానికి కాస్త విలువొచ్చింది, సంతోషం. నాన్న లేడు. ఆ మొదటి మనిషి పేరేమిటో నేనూ అడగలేదు... ఇక చెప్పేవాళ్లు లేరు.

మీ ఇంట్లో నోరు విప్పని పెద్దవాళ్లుంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి... పేర్లతో సహా.